చిన్న కోబర్గ్ ఇంటివాళ్ళు ఇన్ని దేశాలకు రాజులెలా అయ్యారు?

గోదారిగట్టు
వారం రోజులుగా ఒక వంశవృక్షంతో కుస్తీ పడుతున్నాను. మొదలుపెట్టింది మా పాప. స్కూల్లో మొదటి ప్రపంచ యుద్ధం పాఠం వచ్చింది. "నాన్నా, ఇంగ్లండు రాజు, జర్మనీ చక్రవర్తి, రష్యా జారు అన్నదమ్ముల పిల్లలట, మరి ఎందుకు కొట్టుకున్నారు?" అని అడిగింది. సరే గీసి చూపిద్దామని చార్టు పేపరు తీసుకున్నాను. ఎటు గీసినా గీత వెళ్ళి జర్మనీలోని కోబర్గ్ అనే ఊరి దగ్గరే ఆగుతోంది. బెల్జియం రాజు అక్కడివాడే. విక్టోరియా రాణి తల్లి, భర్త ఇద్దరూ అక్కడివాళ్ళే. పోర్చుగల్, బల్గేరియా కూడా అంతే. మ్యాపులో చూస్తే ఆ రాజ్యం మన ఒక జిల్లా అంత కూడా లేదు. సైన్యం లేదు, ఓడలు లేవు, డబ్బూ లేదు. మరి ఇంతమంది సింహాసనాలు ఎలా ఎక్కారు? తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి.

పాతనాణెం
నా దగ్గర విక్టోరియా కొడుకు ఏడో ఎడ్వర్డ్ బొమ్మ ఉన్న 1903 నాటి రూపాయి ఉంది. బ్రిటన్‌లో కోబర్గ్ వంశం పేరుతో మొదట గద్దెనెక్కింది ఆయనే. విక్టోరియాది హానోవర్ వంశం. కొడుకు తండ్రి వంశంలోకి వస్తాడు కాబట్టి 1901లో వంశం పేరు మారింది. అంటే మన తాతల మొలతాడు సంచీల్లో కోబర్గ్ ముఖం తిరిగిందన్నమాట.

కృష్ణలంక
ఇందులో పెద్ద చిక్కేముంది? పెళ్ళిళ్ళు. అందమైన పిల్లలు, మంచి చదువు, సరైన సంబంధం. ఒక్క పెళ్ళి కుదిరితే దాని వెనకే పది కుదురుతాయి. మన జమీందారీ కుటుంబాలు కూడా అలా పైకి వచ్చినవే.

చరిత్రపిచ్చి
పెళ్ళిళ్ళు నిజమే. కానీ ఆ సంబంధాలు వాళ్ళకే ఎందుకు వచ్చాయి? అక్కడే అసలు కథ ఉంది. కొంచెం వెనక్కి వెళ్ళాలి.

కోబర్గ్ వాళ్ళు వెట్టిన్ అనే పాత సాక్సనీ వంశంలో పెద్ద శాఖ. 1485లో ఎర్న్‌స్ట్, ఆల్బ్రెక్ట్ అనే అన్నదమ్ములు సాక్సనీని పంచుకున్నారు. పెద్దవాడి శాఖకు జర్మన్ రాజ్యాలన్నిటి మీదా ఉండే చక్రవర్తిని ఎన్నుకునే హోదా దక్కింది. ప్రొటెస్టెంట్ మతానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్‌ను కాపాడింది ఈ శాఖే. కానీ 1547లో ముల్‌బెర్గ్ యుద్ధంలో ఓడి ఆ హోదానీ, సగం రాజ్యాన్నీ తమ్ముడి శాఖకు పోగొట్టుకున్నారు. మిగిలిన ముక్కను కూడా తరంతరం పంచుకుంటూ పోయారు. గోథాలో ఎర్న్‌స్ట్ అనే డ్యూక్ 1675లో పోతే ఏడుగురు కొడుకులు. 1680లో ఏడు రాజ్యాలు! గోథా, కోబర్గ్, మైనింగెన్, రోమ్‌హిల్డ్, ఐసెన్‌బెర్గ్, హిల్డ్‌బుర్గ్‌హౌజెన్, జాల్‌ఫెల్డ్. బ్రాండెన్‌బర్గ్ వాళ్ళు 1473లోనే అసలు భూమి పెద్దకొడుక్కే అని రాసుకున్నారు, చివరికి జర్మనీని ఒక్కటి చేసిన ప్రష్యా రాజులయ్యారు. వీళ్ళు పొలం పంచినట్టు రాజ్యం పంచారు.

ఫలితం ఏమిటంటే, 1800 నాటికి కోబర్గ్ డ్యూక్ ఫ్రాన్జ్ అప్పుల్లో మునిగి ఉన్నాడు. కానీ హోదాలో మాత్రం పాలించే వంశం. యూరప్ రాజులు తమతో సమానమైన రక్తంతోనే సంబంధం కలుపుకోవాలి. ఆస్ట్రియా పిల్లనో ఫ్రాన్సు పిల్లనో తెచ్చుకుంటే వెనకాల ఆ దేశమంతా వస్తుంది. కోబర్గ్ పిల్లను తెచ్చుకుంటే ఎవరూ రారు. చిన్నదనమే వాళ్ళకు పెట్టుబడి అయింది.

సీమచినుకు
"పొలం పంచినట్టు రాజ్యం పంచారు." మా ఊళ్ళో నాలుగు తరాల్లో నలభై ఎకరాలు అరెకరం ముక్కలైన సంగతి గుర్తొచ్చింది. వాళ్ళకు మాత్రం ముక్కతో పాటు డ్యూక్ అనే పేరూ వచ్చింది, మాకు గట్టు తగాదా వచ్చింది.

మేనకోడలు
గోదారిగట్టు గారూ, పాపకు ముందు ఒక సవరణ చెప్పండి. ఆ ముగ్గురూ అన్నదమ్ముల పిల్లలు కాదు. పుస్తకాల్లో "కజిన్" అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. మన వరసలతో చెప్తే బొమ్మ కళ్ళకు కడుతుంది.

జర్మనీ చక్రవర్తి విల్‌హెల్మ్ తల్లి విక్టోరియా రాణి పెద్ద కూతురు. ఇంగ్లండు రాజు ఐదో జార్జ్ తండ్రి ఆమె తమ్ముడు. కాబట్టి విల్‌హెల్మ్ జార్జ్‌కు మేనత్త కొడుకు. 1859లో పుట్టాడు, జార్జ్ 1865. అంటే బావ, బావమరిది.

రష్యా నికొలస్ తల్లి, జార్జ్ తల్లి డెన్మార్క్ అక్కచెల్లెళ్ళు. మన లెక్కలో నికొలస్, జార్జ్ అన్నదమ్ములు. ఫొటోల్లో కవలల్లా ఉంటారు కూడా.

నికొలస్ భార్య ఆలిక్స్ తల్లి కూడా విక్టోరియా కూతురే, విల్‌హెల్మ్ తల్లికి చెల్లెలు. కాబట్టి ఆలిక్స్ విల్‌హెల్మ్‌కు చెల్లెలు, నికొలస్ చెల్లెలి మొగుడు.

ఇక విక్టోరియా, ఆల్బర్ట్‌లది అచ్చమైన మేనరికం. ఆమె తల్లి, అతని తండ్రి కోబర్గ్ డ్యూక్ ఫ్రాన్జ్ పిల్లలు. ఆల్బర్ట్‌కు విక్టోరియా మేనత్త కూతురు. సంబంధం కుదరాలని పట్టుపట్టిన లియోపోల్డ్ అమ్మాయికి మేనమామ, అబ్బాయికి బాబాయి.

గోదారిగట్టు
అమ్మయ్యా! "కజిన్" తీసేసి బావ, బావమరిది అని రాశాను. పాప ఒక్క నిమిషంలో పట్టేసింది. ధన్యవాదాలు మేనకోడలు గారూ.

కృష్ణలంక
చూశారా, నేనన్నదే. అంతా పెళ్ళిళ్ళే.

నల్లమలనీడ
ఆ మేనరికం వల్లే కదా ఆ కుటుంబానికి రక్తం గడ్డకట్టని జబ్బు వచ్చింది? రష్యా యువరాజు అలెక్సీకి ఉన్నది అదే. దగ్గర సంబంధాలు చేసుకుంటే ఇంతే అని మా మామయ్య ఎప్పుడూ ఈ ఉదాహరణే చెప్తారు.

మందులచీటీ
ఇది చాలామంది నమ్మే మాట, కానీ తప్పు. ఆ జబ్బు పేరు హీమోఫీలియా. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లి మోస్తుంది, కొడుక్కి వచ్చే అవకాశం సగం. ఆల్బర్ట్‌కు ఆ జబ్బు లేదు, కాబట్టి ఆయన దాన్ని కూతుళ్ళకు ఇచ్చే ప్రశ్నే లేదు. విక్టోరియా ఎవరిని చేసుకున్నా ఇదే జరిగేది. ఆమె ముందు తరాల్లో ఈ జబ్బు కనిపించదు. ఆమె పుట్టేనాటికి తండ్రికి 51 ఏళ్ళు, ఆయన దగ్గరే ఆ జన్యువు కొత్తగా మారి ఉంటుందని ఎక్కువమంది అనుకుంటారు. రోమనోవ్ (రష్యా జారు) కుటుంబం ఎముకల్ని పరీక్షించి 2009లో అది హీమోఫీలియా బి రకమని తేల్చారు.

మేనరికాల వల్ల వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి. అవి తల్లి, తండ్రి ఇద్దరి దగ్గరా ఒకే లోపం ఉంటే వచ్చేవి. వాటి గురించి తప్పకుండా జాగ్రత్త పడాలి. నేను రోజూ చూస్తుంటాను. కానీ దానికి విక్టోరియా ఇంటిని ఉదాహరణగా చూపకండి. తప్పు ఉదాహరణ చెప్తే నిజమైన హెచ్చరికను కూడా ఎవరూ నమ్మరు.

నల్లమలనీడ
మామయ్యకు ఫార్వర్డ్ చేశాను. "అలాగా" అన్నారు. ఆయన నోటి నుంచి ఆ మాట రావడమే గొప్ప.

చరిత్రపిచ్చి
కృష్ణలంక గారూ, మీ మాటకు జవాబు. ఒక పెళ్ళి వాళ్ళను పైకి తెచ్చిన మాట నిజం, కానీ అది చెడిపోయిన పెళ్ళి. 1795లో రష్యా మహారాణి కేథరిన్ మనవడికి పిల్లను వెతుకుతూ కోబర్గ్ తల్లినీ ముగ్గురు కూతుళ్ళనూ పీటర్స్‌బర్గ్ పిలిపించింది. యూలియానే అనే అమ్మాయి కుదిరింది. 1796లో పెళ్ళి నాటికి పిల్లకు 14 ఏళ్ళు, పిల్లాడికి 16. ఆ కాన్‌స్టాంటిన్ పరమ కఠినుడు. 1801లో ఆమె పుట్టింటికి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. 1820లో విడాకులు.

ఆ పిల్ల బతుకు బుగ్గయింది. పుట్టింటికి మాత్రం రష్యా అండ దొరికింది. నెపోలియన్ సైన్యం కోబర్గ్‌ను ఆక్రమిస్తే 1807లో రష్యా నెపోలియన్‌తో చేసుకున్న టిల్సిట్ సంధిలో రాజ్యం తిరిగి వచ్చింది. తమ్ముడు లియోపోల్డ్‌కు రష్యా సైన్యంలో హోదా వచ్చింది. ఆ యూనిఫాంలోనే లండన్ వెళ్ళి బ్రిటన్ వారసురాలు షార్లెట్ కంట్లో పడ్డాడు. 1816లో పెళ్ళి. మరుసటి ఏడు నవంబర్‌లో ఆమె కాన్పులో పోయింది, బిడ్డా దక్కలేదు.

దాంతో బ్రిటన్‌కు తర్వాతి తరంలో వారసులు లేకుండా పోయారు. మూడో జార్జ్ ముసలి కొడుకులు హడావిడిగా పెళ్ళిళ్ళకు దిగారు. వాళ్ళలో ఒకడైన కెంట్ డ్యూక్ చేసుకున్నది లియోపోల్డ్ అక్కనే, ఇద్దరు పిల్లలున్న వితంతువుని. వాళ్ళ బిడ్డే విక్టోరియా, 1819 మే 24న పుట్టింది. షార్లెట్ బతికుంటే విక్టోరియా బహుశా పుట్టేదే కాదు.

బెజవాడబుల్లోడు
విక్టోరియా అంటే గుర్తొచ్చింది. మా బెజవాడ బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది కదా, దాని పాత పేరు విక్టోరియా జూబిలీ మ్యూజియం. ఆమె పాలనకు 50 ఏళ్ళు నిండినందుకు 1887లో పునాది వేశారు. చిన్నప్పుడు స్కూలు వాళ్ళు తీసుకెళ్తే ఎవరీ విక్టోరియా అని అడిగాను. టీచరు "ఇంగ్లండు రాణి" అన్నారు. సగం కాదు, దాదాపు మొత్తం జర్మన్ అని ఇప్పుడు తెలుస్తోంది.

కృష్ణలంక
చరిత్రపిచ్చి గారూ, యూలియానే సంగతి తెలియదు. ఒప్పుకుంటున్నాను. కానీ బెల్జియం ఎలా వచ్చింది? అక్కడ పెళ్ళికూతురు లేదు కదా.

చరిత్రపిచ్చి
సరైన ప్రశ్న. 1830లో బెల్జియం డచ్చివాళ్ళ నుంచి విడిపోయింది. కొత్త దేశానికి రాజు కావాలి. వాళ్ళ సభ ముందు ఫ్రాన్సు రాజు కొడుకు నెమూర్ డ్యూక్‌ను ఎన్నుకుంది. బ్రిటన్ ఒప్పుకోలేదు, ఫ్రాన్సు రాజు లూయీ ఫిలిప్ కొడుకును పంపనన్నాడు. అందరికీ సరిపడే మనిషి ఎవరు? లండన్‌లో పెరిగిన పరిచయాలు, జర్మన్ పుట్టుక, వెనకాల ఏ పెద్ద సైన్యమూ లేని లియోపోల్డ్. అంతకుముందే గ్రీసు ఇస్తామంటే వద్దన్నాడు, అక్కడికి బవేరియా రాకుమారుడు ఒట్టో వెళ్ళాడు. 1831 జూలై 21న లియోపోల్డ్ బ్రసెల్స్‌లో ప్రమాణం చేశాడు. ఇప్పటికీ అది బెల్జియం జాతీయ దినం. మరుసటి ఏడు ఫ్రాన్సు రాజు కూతుర్ని చేసుకున్నాడు. అంటే పెళ్ళి తర్వాత వచ్చింది, సింహాసనం ముందు.

మతం సంగతి కూడా చూడండి. లియోపోల్డ్ లూథరన్‌గానే ఉన్నాడు, పిల్లల్ని కేథలిక్కులుగా పెంచాడు. అన్న ఫెర్డినాండ్ హంగరీలో కోహారీ అనే పెద్ద ఆస్తిపరుల ఏకైక కూతుర్ని చేసుకుని కేథలిక్ అయ్యాడు. ఆ శాఖ నుంచే పోర్చుగల్, బల్గేరియా. బ్రిటన్‌లో 1701 చట్టం ప్రకారం రాజు ప్రొటెస్టెంటే కావాలి, 2015 దాకా కేథలిక్‌ను చేసుకోవడానికి కూడా వీల్లేదు. అక్కడికి ఆల్బర్ట్. ఏ తలుపుకు ఆ తాళంచెవి వాళ్ళ ఇంట్లో ఉంది.

మాగాణిగాలి
సింత్రాలో పేనా కోట చూశాను, లిస్బన్ పక్కన కొండ మీద పసుపు, ఎరుపు రంగులతో ఉంటుంది. కట్టించింది ఆ కోహారీ అమ్మాయిని చేసుకున్న ఫెర్డినాండ్ కొడుకు, ఆయన పేరూ ఫెర్డినాండే. 1836లో పోర్చుగల్ రాణి రెండో మరియాను చేసుకున్నాడు. పాడుబడిన మఠం కొని కోటగా మార్చాడు, చుట్టూ కొండంతా చెట్లు నాటించాడు. ఆ నీడలో కూర్చుని ఇడ్లీ లేని లోటు కూడా మర్చిపోయాం. ఆయన మనవడు కార్లోస్‌ను 1908 ఫిబ్రవరి 1న లిస్బన్ వీధిలో పెద్ద కొడుకుతో సహా కాల్చి చంపారు. 1910లో రాజరికమే పోయింది.

సీమచినుకు
బల్గేరియా సంగతి ఎవరైనా చెప్పండి. అక్కడ రాజు మళ్ళీ ఎన్నికల్లో గెలిచాడని ఎక్కడో చదివాను, నిజమేనా?

మేనకోడలు
నిజమే. 1887లో బల్గేరియా సభ కోహారీ శాఖలోనే ఇంకో ఫెర్డినాండ్‌ను ఎన్నుకుంది. రష్యా తొమ్మిదేళ్ళు గుర్తించలేదు. 1896లో కొడుకు బోరిస్‌కు ఆర్థడాక్స్ మతం ఇప్పించాకే గుర్తించింది. 1908లో స్వతంత్రం ప్రకటించి తనను తాను జార్ అనుకున్నాడు. ప్రపంచ యుద్ధంలో జర్మనీ వైపు చేరి ఓడి 1918 అక్టోబర్‌లో కొడుక్కి గద్దె వదిలాడు. బోరిస్ 1943లో పోయాడు, ఆయన కొడుకు సిమియన్ ఆరేళ్ళకే జార్ అయ్యాడు. 1946లో దేశం వదలాల్సి వచ్చింది. ఆ పిల్లాడే పెద్దయ్యాక తిరిగొచ్చి పార్టీ పెట్టి 2001 నుంచి 2005 దాకా బల్గేరియాకు ప్రధానమంత్రిగా చేశాడు. జనం ఓట్లతో.

సీమచినుకు
ఒకే మనిషి ఆరేళ్ళకు రాజు, అరవై దాటాక ప్రధాని! ఇది సినిమాగా తీస్తే నమ్మరు.

ఓరుగల్లుకోట
అందరూ కోటలు, పెళ్ళిళ్ళు మాట్లాడుతున్నారు. కాంగో మాటెత్తకుండా ఈ వంశం కథ పూర్తి కాదు. లియోపోల్డ్ కొడుకు రెండో లియోపోల్డ్ 1885 నుంచి 1908 దాకా కాంగోను బెల్జియం దేశానిది కూడా కాకుండా తన సొంత ఆస్తిగా ఉంచుకున్నాడు. రబ్బరు కోటా తేలేదని చేతులు నరికారు. లక్షలమంది చచ్చిపోయారు. ఆయన ఒక్కసారి కూడా అక్కడ అడుగు పెట్టలేదు. సైన్యం లేని చిన్న ఇల్లు, ఎవరికీ హాని లేనివాళ్ళు అన్నట్టు పైన రాశారు. యూరప్ రాజులకు హాని లేదు, అంతే.

చరిత్రపిచ్చి
మీరన్నది నిజం. "హాని లేదు" అనేది ఎవరి కళ్ళతో చూస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. నా పోస్టులో ఆ మాట రాయాల్సింది.

బవేరియాబాబ్జీ
నేను కోబర్గ్ నుంచి గంట దూరంలో ఉంటాను. ఇప్పుడు 40 వేల చిల్లర జనం ఉన్న ఊరు. సంత వీధి మధ్యలో ఆల్బర్ట్ విగ్రహం, 1865లో విక్టోరియా స్వయంగా వచ్చి ఆవిష్కరించింది. దాని పక్కనే పైన్ చెట్ల కాయల నిప్పు మీద సాసేజీలు కాలుస్తారు, ఆ పొగ వాసన వీధంతా. ఊరి పైన పెద్ద కోట, 1530లో లూథర్ అందులో తలదాచుకున్నాడు.

ఒక సంగతి చాలామందికి తెలియదు. 1919లో కోబర్గ్ జనం ఓటేసి పక్కనున్న తురింగియా రాష్ట్రంలో కలవం అన్నారు, 1920 జూలై 1న బవేరియాలో కలిశారు. గోథా మాత్రం తురింగియాకు పోయింది. ఆ ఓటు వల్లే రెండో యుద్ధం తర్వాత కోబర్గ్ అమెరికా వాళ్ళ వైపు ఉంది, గోథా నలభై ఏళ్ళు తూర్పు జర్మనీ అయింది.

ఇంకోటి. మా ఆఫీసులో ఒకాయన పేరులో పాత ప్రభువంశాల గుర్తయిన "ఫాన్" ఉంది. మీరు ప్రభువులా అని అడిగాను. "1919 రాజ్యాంగం నుంచి అది మా ఇంటిపేరులో ముక్క మాత్రమే" అన్నాడు. ఆస్ట్రియాలో అయితే ఆ ముక్క పెట్టుకోవడమే నిషేధం.

గోదారిగట్టు
మరి ఇంగ్లండులో ఆ పేరు ఎందుకు పోయింది? విండ్సర్ అంటున్నారు కదా.

పాతనాణెం
1917 జూలై 17న ఐదో జార్జ్ మార్చేశాడు. అంతకు నెల ముందే, జూన్ 13న, జర్మన్ విమానాలు పట్టపగలు లండన్ మీద బాంబులేశాయి. 162 మంది పోయారు. పాప్లర్‌లో ఒక బడి మీద పడి 18 మంది పిల్లలు చనిపోయారు. ఆ విమానాల పేరు గోథా, ఆ ఊళ్ళోనే కట్టినవి. రాజుగారి వంశం పూర్తి పేరు సాక్స్-కోబర్గ్-గోథా, అందులోనూ గోథా. జనం ఎలా ఊరుకుంటారు? అదే సమయంలో బాటెన్‌బెర్గ్ వాళ్ళు మౌంట్‌బాటెన్ అయ్యారు. 1947లో మన దేశానికి చివరి వైస్రాయిగా వచ్చింది ఆ ఇంటి అబ్బాయే.

నాణేల మీద మాత్రం ఏ మార్పూ లేదు. నా దగ్గర 1912, 1918 రూపాయలు రెండూ ఉన్నాయి. వంశం పేరు ముందు కూడా లేదు, తర్వాత కూడా లేదు.

మేనకోడలు
అందరికంటే చిత్రమైన కథ కార్ల్ ఎడ్వర్డ్‌ది. విక్టోరియా మనవడు, ఇంగ్లండులో పుట్టి పెరిగాడు. 1899లో కోబర్గ్‌కు వారసుడు కావాల్సి వస్తే జర్మనీ పంపారు, 1900లో పదహారేళ్ళకే డ్యూక్ అయ్యాడు. యుద్ధంలో జర్మనీ వైపు నిలబడ్డాడు. 1918లో గద్దె, 1919లో బ్రిటన్ బిరుదులు రెండూ పోయాయి. తర్వాత నాజీల్లో చేరి జర్మన్ రెడ్‌క్రాస్‌కు అధ్యక్షుడయ్యాడు. పరాయి దేశానికి బలవంతంగా పంపిన పిల్లాడు అని చిన్నప్పటి భాగం చదివితే జాలేస్తుంది. తర్వాతి భాగానికి జాలి లేదు. అది ఆయన ఎంచుకున్న దారే.

బవేరియాబాబ్జీ
ఈ ఊరు కూడా అంతే. 1929లోనే నగరసభలో నాజీలకు మెజారిటీ ఇచ్చింది, జర్మనీలో అలా ఇచ్చిన మొదటి ఊరు ఇదే.

సీమచినుకు
ఒక్క చిన్న అనుమానం. విక్టోరియా హానోవర్ వంశం కదా, మరి జర్మనీలోని హానోవర్ రాజ్యానికి రాణి కాలేదేం?

చరిత్రపిచ్చి
అక్కడ మగ వారసుడు ఉండగా ఆడవాళ్ళకు గద్దె రాదు. 1837లో ఆమె చిన్నాన్న ఎర్న్‌స్ట్ ఆగస్ట్ వెళ్ళి రాజయ్యాడు. 1866లో ఆస్ట్రియా, ప్రష్యా కొట్టుకుంటే హానోవర్ ఆస్ట్రియా పక్షాన నిలిచి ప్రష్యా చేతిలో మాయమైంది. కోబర్గ్ ప్రష్యా పక్షం చేరి బతికింది. అప్పుడు డ్యూక్ ఆల్బర్ట్ అన్న రెండో ఎర్న్‌స్ట్.

గోదారిగట్టు
చార్టు పేపరు రెండోది అతికించాల్సి వచ్చింది. పాప తేదీలు రాస్తూ ఒకటి పట్టుకుంది. విండ్సర్ పేరు పెట్టుకున్నది 1917 జూలై 17. నికొలస్‌ను భార్యాపిల్లలతో సహా కాల్చి చంపింది 1918 జూలై 17 తెల్లవారుజామున. సరిగ్గా ఏడాది. "జార్జ్ నికొలస్‌కు అన్న వరస కదా, ఇంటికి ఎందుకు రానివ్వలేదు?" అని అడుగుతోంది.

మేనకోడలు
1917లో ముందు రమ్మన్నారు. తర్వాత జార్జ్ వైపు నుంచే ఒత్తిడి వచ్చి ఆ పిలుపు వెనక్కి తీసుకున్నారు. జారును ఇంట్లో పెట్టుకుంటే తన గద్దె కూడా కదులుతుందని భయపడ్డాడు. పాపకు దాచకుండా అలాగే చెప్పండి.